కనిపెట్టిన పొద్దు

‘కనిపెట్టు’ అనే మాటకు సొంతవాక్యం రాయమని మొన్న ఆరో తరగతి పిల్లలకు ఇచ్చాను. సగం మంది బల్బును కనిపెట్టారు, మిగిలిన సగం విమానాన్ని కనిపెట్టారు. పక్కపక్కన కూర్చున్న వాళ్ళంతా ఒకే వస్తువును కనిపెట్టడం మా బడిలో మామూలే. ఒక పిల్ల మాత్రం ఎవరిదీ చూడకుండా ‘మా నాయన కోడి దొంగను కనిపెట్టినాడు’ అని రాసింది. వాక్యంలో తప్పేమీ లేదు. టిక్కు పెట్టి పంపేయాలి. ఎర్ర పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

“తప్పా టీచర్?” అని ఆ పిల్ల బిక్కమొహం వేసుకుంది. తప్పు కాదమ్మా అని పంపించాను గానీ, ఆ పూటంతా పాఠం మీద మనసు నిలవలేదు. ఆ ఒక్క మాట మా ఇంట్లో చేసిన పని అట్లాంటిది.

నేను ఇప్పుడు పని చేస్తున్నది సరిహద్దుకు ఇవతల, తెలుగు బడిలో. పుట్టి పెరిగింది అవతల, పావగడ తాలూకాలో, రాయచెర్లు దగ్గర ఒక చిన్న పల్లె. అక్కడ బడి కన్నడం, ఇల్లు తెలుగు. నాకు తెలుగు చదవడం నేర్పింది బడి కాదు, బైబిలు. హొసకోట నుంచి ఆదివారం ప్రార్థనకు వచ్చే పాస్టరుగారి భార్య మా నాలుగిళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించింది. కన్నడం వచ్చినవాడికి తలకట్టు మార్చుకుంటే తెలుగు సగం వచ్చేసినట్టే. ఆ సగం రాగానే మా అవ్వ నన్ను పట్టేసుకుంది. మా నాయనకు తల్లి ఆమె. చదువు రాదు. ఇంట్లో ఉన్న బైబిలును అన్నేళ్ళూ చేతితో తడిమి, కళ్ళకద్దుకుని, ఎవరైనా వచ్చి చదువుతారేమోనని చూసిన మనిషి.

ఇక రోజూ పొద్దున్నే నాకు తప్పేది కాదు. లోపల పొయ్యి మీద సంగటి కుతకుతలాడుతుండేది. అమ్మ సంగటిలోకి ఊరిబిండి నూరడానికి చెనిక్కాయలు వేయించేది. పెరట్లో గొర్రెలను మూసే రొప్పం నుంచి వాటి వాసన, రాత్రి పడిన మంచుకు తడిసిన బొచ్చు వాసన వచ్చేవి. అవ్వ యూరియా సంచి ముక్కతో అట్ట కుట్టిన బైబిలు నా ఒడిలో పెట్టి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక అధ్యాయం పూర్తిగా చదవాలి. పరీక్షల రోజుల్లో నేను నడుమ నాలుగు వచనాలు ఎగరగొడితే, కళ్ళు మూసుకునే, “యాడికే ఎగిరితివి? ఎనక్కి రా” అనేది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అనే వరుసలు కూడా ఆమెకు వదలకూడదు. “మన గొర్రెల్లో ఏది ఏ తల్లి పిల్లో నీకు తెలీదా? ఇదీ అంతే, చదువు” అనేది.

చదవడం అయ్యాక అసలు పని మొదలయ్యేది. విన్నదాంట్లో నుంచి అవ్వ ఒక్క మాట ఏరుకునేది. కొంగు చివర ముడి వేసి, “ఈ పొద్దుకు ఇది” అనేది. సద్ది కట్టుకోకుండా బీడుకు పోతామా, మాట కట్టుకోకుండా పొద్దు గడుస్తుందా అని ఆమె లెక్క. పొద్దుగూకాక తిండికి ముందు ఆ ముడి విప్పి, ఆ మాట ఎవరికి ఏం చేసిందో ఒక్కొక్కరినీ అడిగేది. మా నాయన నోటికొచ్చింది చెప్పి తప్పించుకునేవాడు. అమ్మ తడుముకునేది. అమ్మది పూజలూ బొట్టూ ఉన్న పుట్టిల్లు. పెళ్ళయ్యాకే ఈ దారికి వచ్చింది కాబట్టి తనకు సరిగ్గా తెలియదేమోనని ఆమెకు ఎప్పుడూ బెరుకే.

ఒకరోజు నోటికి కాపలా పెట్టుకోవాలనే మాట వచ్చింది. అవ్వ ఆ రోజంతా నోరు విప్పలేదు. గొర్రెల బేరగాడు వచ్చి ధర చెప్పాడు. అవ్వ మౌనం. ఇంకొంచెం పెంచాడు. మౌనం. పాపం, ముసలామె గట్టి పిండం అనుకుని వాడు పెంచుకుంటూనే పోయాడు. సాయంత్రం ముడి విప్పుతూ అవ్వ తెగ నవ్వింది. ఇంకోరోజు, పాపం చేయనివాడే ముందు రాయి వేయాలన్న కథ వచ్చింది. ఆ రోజు గుడ్డు నాకేసిన కుక్క మీదికి ఎత్తిన రాయిని అమ్మ చేత కింద పెట్టించింది. కుక్క మర్నాడు కూడా వచ్చింది. మర్నాడు వేరే మాట కాబట్టి దెబ్బ తింది.

ఇట్లా నవ్వుతూ పోయిన రోజులే ఎక్కువ. సోలారు వచ్చాక నవ్వు తగ్గింది.

ఆ ఏడు మా చుట్టూ భూములన్నీ సోలారు కంపెనీకి గుత్తకు పోయాయి. మాకున్న చెక్కా పోయింది. చెనిక్కాయ చేలు, బీళ్ళు, జీవాలు నడిచే దావలు, అన్నిటికీ ఇనుప కంచె పడింది. కంచె లోపల చూసినంత మేరా నల్లటి పలకలు. వాటిని కడిగిన నీళ్ళు కిందికి కారి, నీడపట్టున మోకాలెత్తు గడ్డి. బయట బీడు ఎర్రగా మాడిపోయి ఉండేది. గొర్రెలు కంచెలోకి మూతులు దూర్చి అరుస్తుంటే చూడలేకపోయేవాళ్ళం. నాయన సోలారులోనే, దూరంగా అవతలి పక్క, కేబులు గుంతలు తవ్వే కూలికి కుదిరాడు. జీవాలు అమ్మ పాలబడ్డాయి.

ఆ కంచెకున్న చిన్న గేటు దగ్గర వాచ్‌మన్ మా మామ, అమ్మకు సొంత అన్న. ఉన్న భూమంతా పలకల కిందికి పోయి, ఆ ఉద్యోగం ఒక్కటే చేతిలో మిగిలింది ఆయనకు. టోపీ కింద నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు, మెడలో విజిలు. మారెమ్మకు మొక్కనిదే అడుగు బయట పెట్టడు. మా చదువుకు ఎన్నడూ రాలేదు గానీ, నేను కనబడితే చాలు, “ఏం పాపా, ఈ పొద్దు మీ అవ్వ ముడిలో ఏముండాది?” అని అడిగేవాడు. చెబితే తల ఊపి, “బాగుండాదే” అనేవాడు.

గొర్రెలు బక్కచిక్కడం మొదలయ్యాక మామ ఒక పని చేశాడు. మధ్యాహ్నం సూపర్‌వైజరు భోజనానికి పావగడ పోతాడు. ఆయన జీపు దుమ్ము అణగగానే మామ చిన్న గేటు తీసేవాడు. అమ్మ మందను లోపలికి తోలేది. జీపు తిరిగొచ్చే లోపల బయటికి తోలేసేవాళ్ళు. సెలవు రోజుల్లో నేనూ వెంట పోయేదాన్ని కాబట్టి నాకు తెలుసు. “మీ నాయనకు చెప్పొద్దు పాపా” అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

నాయన చెడ్డవాడు కాదు. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. ఆయనకు తెలిస్తే టీ అంగడికి తెలిసినట్టే. టీ అంగడికి తెలిస్తే తెల్లారేసరికి పల్లెలోని మందలన్నీ గేటు ముందు నిలబడతాయి. మామ ఉద్యోగం పోతుంది. అందుకే అమ్మ ఆ సంగతి కడుపులో దాచుకుంది. జీవాలు మళ్ళీ ఒళ్ళు చేస్తుంటే నాయన మురిసిపోయి, “నీ చేతి చలవే” అనేవాడు. అమ్మ తల వంచుకునేది.

ఒకరోజు జీపు తొందరగా తిరిగొచ్చింది. దూరంగా దుమ్ము చూసి మామ విజిలు వేశాడు. అమ్మ హడావిడిగా మందను గేటు దాటించింది. పొద్దుగూకి రొప్పంలోకి తోలేటప్పుడు నాయన అలవాటుగా ఒక్కొక్కదాని వీపు తడుతూ లెక్క చూసుకున్నాడు. రెండు గొర్రెలు, ఒక పాలపిల్ల తక్కువ.

“యాడ పాయ?” అన్నాడు నాయన.

“యాడో చెట్టుకింద నిలబడిపోయింటాయి. పొద్దున చూద్దాం” అంది అమ్మ. ఆమె గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవి పలకల కింద ఉండిపోయాయని ఆమెకు తెలుసు. మామ కంట పడితే భద్రం చేస్తాడు, సూపర్‌వైజరు కంట పడితే కొంప మునుగుతుంది.

పొద్దున నాకు ఏదో జయంతి సెలవు. బైబిలు తెరిచాను. ఆ రోజు వంతుకు వచ్చిన కీర్తనలో, దేవుని కొరకు కనిపెట్టుకుని ఉండమనే మాట ఉంది. ఒకసారి కాదు, తిరిగి తిరిగి అదే మాట. అవ్వ కొంగు ముడి వేస్తూ, “కనిపెట్టేది. ఈ పొద్దుకు ఇదే” అంది.

ఆ పుస్తకంలోని తెలుగు మా ఇంటి తెలుగు కాదు. అందులో కనిపెట్టుకుని ఉండడమంటే ఎదురుచూడడం. పాస్టరుగారు చెప్పగా విని అవ్వకు అది తెలుసు. మా పల్లెలో మాత్రం జీవాలనో, బాలింతనో చూసుకుంటూ కాచుకుని ఉండడాన్ని అట్లా అంటారు. నాయన ఆ పొద్దు ఇవేవీ వినలేదు. ఆయనకు ‘కనిపెట్టు’ వరకే వినబడింది. గోడకున్న కట్టె తీసుకున్నాడు.

“చూడు, దేవుడే చెప్తాండాడు. కనిపెడతా. నా జీవాల్ని ఎవడు పట్టుకున్నాడో కనిపెట్టకుండా ఇంటికి రాను” అన్నాడు.

“అది కాదురా, తాళుకోమనేది. తొందరపడొద్దనేది” అంది అవ్వ.

“నువ్వు తాళుకో పోమ్మా. పోయినేవి నీవా, నావా?”

అమ్మ లోపలి నుంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. “నేను పోయి చూస్తా. నువ్వు పనికి పో” అంది. నాయన వినలేదు. అమ్మ నా జబ్బ పట్టుకుని గోడ చాటుకు లాగి, “ఎనకాలే పో పాపా. గేటు దిక్కు మాత్రం పోనీయద్దు. ఎట్లైనా సరే” అంది. ఒక పక్క కట్టుకున్నవాడు, ఒక పక్క తోడబుట్టినవాడు. నిజం చెబితే అది పల్లెంతా పాకి అన్న బతుకు పోతుందని భయం, చెప్పకపోతే మొగుడు దొంగను వెతుక్కుంటూ అన్న మీదికే పోతాడని భయం.

నేను చేయగలిగినంత చేశాను. గుట్ట దిక్కున గొర్రె అరుపు వినబడిందని నాయనను అటు తిప్పాను. అక్కడ ఏమీ లేదు. వంక దిక్కున అన్నాను. అక్కడా లేదు. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషిని ఎంతసేపు తిప్పగలను? వంక గట్టు మీద ఒంగి పెంటికలు చూశాడు. కాలిగుర్తులు చూశాడు. ఇంక నా మాట వినలేదు. చూపు నేల మీద నుంచి ఎత్తకుండా, నేరుగా చిన్న గేటు దగ్గరికి నడిచాడు. కంచె లోపల కూడా పెంటికలు కనబడ్డాయి. ఎండినవి, పచ్చివి, చాలా.

“ఇదా సంగతి!” అన్నాడు నాయన.

గేటు లోపల వాచ్‌మన్ గది వెనక నీడలో మా గొర్రెలు రెండూ కట్టేసి ఉన్నాయి. ముందర పచ్చగడ్డి. మామ తన అన్నం గిన్నెలో వాటికి నీళ్ళు పెట్టాడు. పాలపిల్లను రాత్రి చలికి తన స్వెట్టరులో చుట్టాడు, తల ఒక్కటే బయటికి కనబడుతోంది. వాటిని ఎట్లా బయటికి పంపాలా అని సమయం చూసుకుంటున్నట్టున్నాడు. మమ్మల్ని చూసి గబగబా గేటు దగ్గరికి వచ్చాడు. ఆ వెనకే, పలకల వరుసల మధ్య నుంచి, సూపర్‌వైజరు ఫోనులో మాట్లాడుకుంటూ వస్తున్నాడు.

“బావా, రొంత తాళు. ఆయప్ప అట్ల పోనీ. నీ జీవాలు యాడికీ పోవు, నేను తెచ్చిస్తా” అన్నాడు మామ లోగొంతుకతో.

“తాళేదేంది? నా గొర్రెల్ని కట్టేసుకోని నన్ను తాళమంటావా? సొంత చెల్లెలి ఇంట్లోనే దొంగతనమా?”

“బావా, మెల్లగా…”

“మెల్లగా ఎందుకప్పా? అందరూ విననీ!”

అందరూ విన్నారు. సూపర్‌వైజరు ఫోను జేబులో పెట్టాడు. కట్టేసిన గొర్రెలను చూశాడు, నేల మీది పెంటికలు చూశాడు. ఒకరోజువి కావని ఆయనకూ అర్థమైంది. “యారు ఒళగె బిట్టోరు?” అన్నాడు. లోపలికి వదిలింది ఎవరని.

నేను నోరు తెరిచాను. మామ నా వైపు చూసి, ఎవరికీ కనబడనంత చిన్నగా తల అడ్డంగా ఊపాడు. లోపల మందను మేపింది తన చెల్లెలు అని చెబితే ఆమె మీద కేసు పెడతారేమోనని ఆయన భయం. ఇదంతా నీ ఇల్లాలి కోసమే అని నాయన మొహం మీద ఒక్క మాట అనేసి ఉండొచ్చు. అనలేదు. తానే లోపలికి తోలుకున్నానని కన్నడంలో చెప్పాడు. ఇంకెవరికీ సంబంధం లేదన్నాడు.

మెడలోని కార్డు, విజిలు అక్కడే తీయించారు. టోపీ తీసి ఇచ్చేటప్పుడు నుదుటి మీది కుంకుమ చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది. నాయన అవేవీ చూడలేదు. రెండు గొర్రెలను ముందు తోలుకుని, పిల్లను చంకన పెట్టుకుని, గెలిచినవాడి మాదిరి నడిచాడు. దారిలో టీ అంగడి దగ్గర ఆగి, ఎట్లా కనిపెట్టాడో మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. నేను పక్కన నిలబడి విన్నాను.

పొద్దుగూకింది. అవ్వ కొంగు ముందరికి లాక్కుని ముడి విప్పబోయింది. ఎవరూ అడగకుండానే నాయన మొదలుపెట్టాడు. “మ్మా, నీ మాట జరిగినాది. కనిపెట్టమన్నాడు, కనిపెట్టినా.”

అమ్మ సంగటి కెలుకుతున్న కట్టెను పక్కన పెట్టింది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

“మన జీవాలు ఇన్ని దినాలు యాడ మేసినాయో నీకు తెలుసునా? ఆ గేటు లోపలే. నేనే తోలినా. మా అన్నే గేటు తీసినాడు, దినామూ. మా అన్న మన జీవాల్ని కనిపెట్టుకోని ఉండినాడు. నువ్వు మా అన్నను కనిపెట్టినావు.”

నాయన చేతిలోని చెంబు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. “నాకెందుకు చెప్పలేదే?” అన్నాడు.

“నీ నోరు నీకు తెలీదా?” అంది అమ్మ.

అవ్వ ముడి విప్పకుండానే కొంగు వదిలేసింది. “మాట మనింట్లో చదివినాం. జరిగినది వాళ్ళింట్లో” అంది. మర్నాడు నేను తర్వాతి అధ్యాయం తెరిస్తే, “వద్దు, నిన్నటిదే మళ్ళీ చదువు” అంది. చదివినదాన్ని వెంటనే మళ్ళీ చదివించడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. ఆ మర్నాడూ అదే చదివించింది. అప్పటి నుంచి, విన్న వెంటనే అర్థం చెప్పడం మానేసింది. పొద్దు గడిచాకే తెలుస్తుందిలే అనేది.

మామ బెంగళూరు పోయాడు. ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర అదే పనికి కుదిరాడని విన్నాం. పోయేముందు మా ఇంటికి రాలేదు. ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాయన ఆ ఇంటి వీధి మొదలుదాకా పోయి, నిలబడి, తిరిగి వచ్చేసేవాడు. ఊరంతా వినేట్టు అరిచిన మనిషికి, ఒక్క మనిషి ముందు నిలబడి ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. టీ అంగడికి పోవడం కూడా తగ్గించాడు. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, జీవాల సంగతి మాట్లాడేది. పుట్టింటి పేరు మాత్రం ఎత్తేది కాదు. అన్నాచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకునేవాళ్ళని మాకు తెలుసు. ఆమె ఫోను పట్టుకుని పెరట్లోకి పోతే నాయన వీధిలోకి పోయేవాడు. అవ్వ పోయినప్పుడు మామ వచ్చాడు. మట్టి వేశాడు, అమ్మ తల నిమిరాడు, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. నాయన ఆయనకు మంచినీళ్ళ చెంబు అందించబోతే, అప్పటికే తాగానన్నాడు.

ఈ వానాకాలం నేను సెలవులకు ఇంటికి పోయిన రోజునే కంపెనీ వాళ్ళు ఇద్దరు బైకు మీద వచ్చారు. పలకల కింద గడ్డి విపరీతంగా పెరిగిపోతోందట. మిషన్లతో కోయిస్తే రాళ్ళు ఎగిరి పలకలు పగులుతున్నాయట. మీ గొర్రెలను లోపలికి తోలండి, గేటు మేమే తీయిస్తాం అన్నారు. చాలా మర్యాదగా అడిగారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి నాయన మొహం చూసింది. నాకైతే ఒళ్ళు మండింది. ఒక మనిషి నోటి ముందరి కూడు తీసిన పని, ఇప్పుడు ఇంటికి వచ్చి బతిమాలే పని అయింది.

చూసి చెబుతానని నాయన వాళ్ళను పంపించాడు. వాళ్ళు పోయాక అమ్మ దగ్గరికి వచ్చి చేయి చాచాడు. “మీ అన్నకు ఫోన్ చెయ్యి” అన్నాడు.

అమ్మ నంబరు కలిపి ఇచ్చింది. అటు నుంచి “ఏం మ్మా?” అని వినబడింది. నాయన ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు.

“నేను బావా” అన్నాడు.

అటువైపు ఏవో కార్ల హారన్లు మాత్రం వినబడ్డాయి. నాయన కంపెనీ వాళ్ళు అన్నదంతా చెప్పాడు. తప్పయిందని కూడా అన్నాడు. మూడుసార్లు తడబడి, నాలుగో మాటకు అన్నాడు. మామ జీవాల సంగతికే వచ్చాడు. “తోలు బావా, వాళ్ళే రమ్మంటాండారు కదా. ఉత్తరం మూలకు మాత్రం పిల్లల్ని పోనీయద్దు, ఆడ తీగెలు కిందనే ఉంటాయి” అన్నాడు.

నాయన ఫోను అమ్మ చేతికిచ్చేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ, “ఎప్పుడొస్తావన్నా?” అని అడిగింది. సెలవు దొరికినప్పుడు అన్నాడట.

తర్వాత వారం నేను ఫోన్ చేస్తే మంద ఇంకా బయటి బీడులోనే తిరుగుతోందని తెలిసింది. కంపెనీ వాళ్ళు రెండుసార్లు కబురు చేశారట.

“గడ్డి ముదిరిపోతాంది కదా నాయనా” అన్నాను.

“మీ మామ రానీ. ముదిరితే ముదరనీలే” అన్నాడు.